ఊరు అడగని చోట

కంప్యూటర్ గది తోరికాకి ఎవడో మగాడు తగులుకున్నాడని సలసేని అన్నదట. తోరికా మొహం మీద కాదు. కొబ్బరి ఆరబెట్టే కొట్టం దగ్గర, చిప్పల్లోంచి కొబ్బరి పెరుకుతూ, ముగ్గురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని అన్నదట. ఆ ముగ్గురిలో ఒకావిడ చర్చి ఊడుస్తూ ఇంకొకావిడ చెవిన వేసింది. ఆ ఇంకొకావిడ పీతల బుట్ట దించుకుంటూ రేవులో మరో ఇద్దరికి చెప్పింది. కొట్టం దగ్గర "ఎవరితోనో నవ్వుతోంది" అన్నంతవరకే ఉన్న మాట, చర్చి దాటేసరికి "ఎవడో ఉన్నాడు" అయింది. రేవు దాటేసరికి వాడికి మీసాలు మొలిచాయి. తోరికా ఇంటి చూరు కిందికి వచ్చేసరికి వాడు రాజధాని సువాలో పోలీసు, ఇద్దరు పెళ్ళాల మొగుడు.

తోరికా అంతా విని, చాప కోసం మొగలి ఆకు చీరడం ఆపకుండానే, "మీసాల మాట అబద్ధం. గడ్డం. బొడ్డు దాకా ఉంటుంది," అంది.

ఆ కబురు మోసుకొచ్చినావిడ తెరిచిన నోరు తెరిచినట్టే వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఊళ్ళో ఆ గడ్డం ఇంకెంత పెరిగిందో మనం ఊహించుకోవచ్చు.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. తోరికా కూడా ఆ ఆటలోకి అలాగే అడుగుపెట్టింది, ముందూ వెనకా తెలియకుండా. మొగుడు పోయాక అత్తవారి ద్వీపంలో ఉండలేక పుట్టినూరు వునికురాకి తిరిగొచ్చేసిన మనిషి. ఊరి పెద్దలు ఏదో ఒక వ్యాపకం ఉండాలని బడి పక్కన కొత్తగా పెట్టిన కంప్యూటర్ గది తాళం ఆమె చేతికిచ్చారు. లంబాసా ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కూతురు లనియానా సెలవులకి వచ్చి, తల్లి ఆ గదిలో గోడతో మాట్లాడుకోవడం చూసి, "అమ్మా, గోడ ఎలాగూ పలకదు. దీంతో మాట్లాడు," అని ఒక ఆట పెట్టిచ్చి వెళ్ళింది. మంచుకొండల రాజ్యం అని దాని పేరు. ఎక్కడెక్కడి జనమో, తలా ఒక బొమ్మ వేసుకుని, అందులో ఒకేసారి తిరుగుతుంటారు. తోరికా తన బొమ్మకి నీలిచేప అని పేరు పెట్టుకుంది. చేతిలో కొత్తవాళ్ళకి ఊరికే ఇచ్చే కర్ర ఒకటి.

మొదటి రోజే పెద్ద తప్పు చేసింది. బొమ్మని నడిపించుకుంటూ వెళ్ళగా వెళ్ళగా ఒక ఊరి వాకిలి వచ్చింది. తోరికా ఆగిపోయింది. పరాయి ఊరు. లోపలివాళ్ళు పిలవకుండా, పెద్దమనిషి ముందు కానుకగా పెట్టడానికి చేతిలో యంగోనా వేరు కట్టయినా లేకుండా, ఎలా వెళ్ళిపోతారు? ఆ వాకిలి పక్కనే నిలబడింది. ఆమెలాంటి కొత్త బొమ్మలు గుంపులు గుంపులుగా ఆమెని రాసుకుంటూ లోపలికి పరిగెత్తాయి. "ఏ తల్లి కన్నదో, పెంపకం లేదు," అనుకుంది ఒక్కొక్కరినీ చూసి. ఒక పూటంతా అలాగే నిలబడింది. ఆటలో అంతసేపు ఏమీ చెయ్యకుండా నిలబడిన మనిషి అంతకు ముందు లేదు.

చివరికి లోపల్నుంచి బొడ్డు దాకా గడ్డం ఉన్న గొడ్డలివాడొకడు వచ్చాడు. తల మీద పేరు ముసలి పీత. తోరికా గబగబా మీటలన్నీ నొక్కి చూసింది. ఒక మీట నొక్కితే బొమ్మ గొంతుక్కూర్చుంటుంది, ఒక మీట నొక్కితే చప్పట్లు కొడుతుంది. అవి రెండూ దొరికాక ఆమెకి ధైర్యం వచ్చింది. ఉన్న ఒక్క కర్రనీ అతని కాళ్ళ దగ్గర పెట్టి, గొంతుక్కూర్చుని, చప్పట్లు కొట్టింది.

గడ్డంవాడు చాలాసేపు కదల్లేదు. తర్వాత అతనూ గొంతుక్కూర్చున్నాడు. కానుక అందుకునే ఇంటిపెద్ద కొట్టినట్టు నిదానంగా చప్పట్లు కొట్టి, కర్ర తీసుకుని, మన భాషలోనే "లోపలికి దయచెయ్యండి," అని రాశాడు.

అతనూ ఈ దీవులవాడేనని తోరికాకి ఆ క్షణానే తెలిసిపోయింది. మనవాళ్ళెవరైనా మొదట అడిగే మాటే ఆమె అడిగింది. "మీదే ఊరు?"

"ఇక్కడ ఊరు అడక్కూడదు," అని జవాబొచ్చింది. "ఊరు అడిగితే చుట్టరికం తేలుతుంది. చుట్టరికం తేలితే సగం మంది సగం మందితో మాట మానెయ్యాలి. అప్పుడు ఈ ఊరి నేలమాళిగలో ఎలుకల్ని ఎవరు చంపుతారు?"

తోరికా ఆ రోజు పగలబడి నవ్విన నవ్వే సలసేని చెవిన పడింది.

అప్పట్నుంచీ మధ్యాహ్నాలు సుఖంగా గడుస్తున్నాయి. పీత ఆమెకి ఎలుకల్ని కొట్టడం నేర్పాడు, నూతిలో పడకుండా మలుపు తిరగడం నేర్పాడు. కొట్టడం కన్నా దెబ్బ తిన్నవాళ్ళకి మందు వెయ్యడం ఆమెకి బాగా వస్తోందని కనిపెట్టి, వైద్యం దారి పట్టించాడు. తోరికా కొండల్లో తిరిగి ఆకులు ఏరి, పసర్లు కాచి, సంచి నింపుకునేది. సంత దగ్గర ఎవరో ముక్కూమొహం తెలియనివాడు "కాస్త మందుంటే ఇస్తావా" అని రాస్తే చాలు, సంచి మొత్తం వాడి చేతిలో పెట్టేది. అడిగినవాడికి లేదనడం ఆమెకి రాదు.

"మళ్ళీ ఖాళీ సంచితో వచ్చావా? రాక్షసుడి ముందు నాకేం పూస్తావు, ఉమ్మా?" అని పీత అరిచేవాడు.

"నీ వయసుకి ఉమ్ము చాలు," అని ఆమె రాసేది.

అలా రాయగలిగిందంటే కారణం ఉంది. ఊరు అడక్కపోయినా మనసు ఊరుకోదు కదా. ఇంత ఇదిగా నవ్వించేవాడు బావ వరసే అయి ఉంటాడని తోరికా తనంతట తనే తేల్చేసుకుంది. మేనత్త కొడుకుతోనో మేనమామ కొడుకుతోనో ఎంత సరసమాడినా మన దగ్గర తప్పు పట్టేవాడు లేడు. నీ నడ్డి ఇంకా వంగలేదా అంది. ఆ గడ్డంలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా అంది. నువ్వు చస్తే నీ గొడ్డలి నాకు, నీ పెళ్ళాం నా వంటింటికి అంది. ఒక్కొక్కదానికీ అతను రెండింతలు తిరిగి ఇచ్చేవాడు.

బావతో ఎంత చనువో, అన్నతో అంత దూరం. వునికురాలో ఆడపిల్ల ఎదిగిందంటే అన్నతో మాటలు ఆగిపోతాయి. పగతో కాదు, మర్యాదతో. అతను కూర్చున్న చాప మీద ఆమె కూర్చోదు. అతను వస్తుంటే ఈమె పెరటి దారిన వెళ్తుంది. ఏదైనా చెప్పాలంటే మధ్యన వదినో మరొకరో ఉండాలి. తప్పితే కడుపు ఉబ్బి పోతారని పెద్దవాళ్ళు చెప్తారు. తోరికా అన్న ఇనోకే ఇల్లు ఆమె ఇంటికి కూతవేటు దూరం. పడవ నడుపుతాడు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతాడు. ఆమె అతని గొంతు వినేది అక్కడే, ఆడవాళ్ళ వైపు చాప మీద తల వంచుకుని, దేవుడి మాటల్లో మాత్రమే.

ఆ అన్న గురించి ఒకరోజు ఆటలో చేపలు పడుతూ పీతతో చెప్పుకుంది. "మా అన్న మొహం ఎండిన సీమపనస కాయ. నా మొగుడు పోయినప్పుడు వచ్చి చాప అంచున కూర్చున్నాడు. కళ్ళు తడి చెయ్యకుండా లేచి వెళ్ళాడు."

పీత గాలం లాగి, మళ్ళీ వేశాడు. "పడవలో ఏడ్చి ఉంటాడు. నీళ్ళ మీద ఏడిస్తే ఎవరికీ తెలీదు."

"నీకెలా తెలుసు?"

"నాకూ చెల్లెలుంది. మా ఊళ్ళోనే. పొద్దున్నే రేవుకి పోతూ దాని ఇంటి దగ్గర దగ్గుతాను. నేనొస్తున్నా తప్పుకో అని అనుకుంటుందేమో. అందుకు కాదు. దగ్గి ఒక్క క్షణం ఆగుతాను. లోపల గిన్నె చప్పుడైతే, లేచింది, బాగానే ఉంది అనుకుని ముందుకి పోతాను."

ఇదే మాట చదివి తోరికాకి ఎందుకు తట్టలేదని మీరు అడగొచ్చు. ఈ దీవుల్లో చెల్లెలి ఇంటి ముందు దగ్గని అన్న ఉంటేగా! "ఎంత మంచి అన్న, ఏ అదృష్టవంతురాలో," అనుకుంది అంతే.

శనివారం వచ్చింది. ఆ రోజు మొదటిసారి తోరికాని పెద్ద యుద్ధానికి తీసుకెళ్తామన్నారు. మంచుకొండ మీద ఒక తెల్ల పాము ఉంది, అయిదుగురు కలిసి కొట్టాలి. టోంగా అక్కచెల్లెళ్ళు ఇద్దరు, ఆక్లండ్‌లో రొట్టెల బట్టీ పెట్టుకున్న సమోవా ఆయన ఒకడు, పీత, నీలిచేప. రొట్టెలాయన ముందే ఖండితంగా చెప్పాడు. రాసుకుంటూ కూర్చుంటే చస్తాం, అందరూ హెడ్‌ఫోన్ పెట్టుకుని నోటితో చెప్పుకోవాలి. తోరికా దగ్గర ఉన్నదానికి మైకు విరిగిపోయింది. "నాకు వినపడుతుంది, నేను మాట్లాడలేను," అని రాసింది. "మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, మందు వెయ్యి చాలు," అన్నాడు రొట్టెలాయన.

గదిలో ఇంకెవరూ లేరు. కిటికీ బయట చింకి అరటాకులు గాలికి కొట్టుకుంటున్నాయి. తోరికా రెండు కాళ్ళూ కుర్చీ మీదికి ముడుచుకుని, హెడ్‌ఫోన్ జుట్టులోకి దిగేసి, పెళ్ళికి వెళ్ళేదానిలా కూర్చుంది.

పాము లేచింది. టోంగా అక్కచెల్లెళ్ళు ఒకేసారి కేకలు పెట్టారు. రొట్టెలాయన ఎవరి పేరో తప్పు పిలిచాడు. తోరికా చేతులు చకచకా ఆడుతున్నాయి. రొట్టెలాయనకి మందు, పెద్దక్కకి మందు, పీతకి మందు. తను ఏ రోజూ ఇంత బాగా ఆడలేదని ఆమెకే తెలుస్తోంది. ఉత్సాహం ఎక్కువై నీలిచేప రెండడుగులు ముందుకి పోయింది.

"నీలిచేపా! వెనక్కి రా! వెనక్కి వచ్చి నా పక్కన నిలబడు!"

తోరికా వేళ్ళు మీటల మీంచి లేచిపోయాయి.

ఆ గొంతు ఆమెకి తెలుసు. ప్రతి ఆదివారం వింటుంది. మాట చివర కాస్త బరువు పెట్టి వదిలే ఆ తీరు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. కానీ ఈ గొంతు దేవుడి మాట చదవడం లేదు. ఆమెని పిలుస్తోంది. ఆమెకి ఏమవుతుందోనని భయపడి అరుస్తోంది.

తెర మీద నీలిచేప కదలకుండా నిలబడిపోయింది. మందు అందక రొట్టెలాయన పడ్డాడు, అక్కచెల్లెళ్ళు పడ్డారు. పీత నీలిచేపకి అడ్డంగా వచ్చి నిలబడి, ఆఖరున పడ్డాడు. ఆ తర్వాత ఆమే పడింది. మంచు మీద అయిదు బొమ్మలూ వరసగా ఆరేసిన చేపల్లా ఉన్నాయి.

"ఏమైంది? నీలిచేపా? ఉన్నావా? పలకవేం?"

తోరికా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. అక్కడ్నుంచి కూడా ఆ గొంతు సన్నగా వస్తూనే ఉంది.

ముందు వచ్చింది భయం కాదు. ఆ సంగతి ఆమెకే వింతగా తోచింది. ఎన్నో ఏళ్ళుగా మూసి ఉన్న పెట్టె తెరిస్తే అందులో బట్ట చిమటలు కొట్టకుండా ఉన్నట్టు, ఒకలాంటి సంతోషం వచ్చింది. పడవలో ఏడ్చింది ఇతనా! గిన్నె చప్పుడు కోసం ఆగింది ఇతనా! రేపట్నుంచి పొద్దున్నే గిన్నెని కాస్త గట్టిగా పెట్టాలి అనుకుంది.

తర్వాత వచ్చింది భయం. సిగ్గు దాని వెనకే వచ్చింది. గడ్డంలో కోళ్ళు అంది. నడ్డి అంది. అన్నతో! చెయ్యి తనకి తెలియకుండానే కడుపు మీదికి పోయింది. ఉబ్బలేదు. మధ్యాహ్నం తిన్న కర్రపెండలం తప్ప అక్కడేమీ ఉన్నట్టు లేదు.

ఇప్పుడేం చెయ్యాలి? అతనికి తెలియదు. ఆమె నోరు విప్పలేదు కనక గొంతు వినలేదు. చెప్తే, అతను ఆ ఆట పక్కన పెట్టేసి మళ్ళీ ముట్టుకోడు. అతని సంగతి ఆమెకి తెలుసు, వరస తప్పే మనిషి కాదు. అప్పుడు ఈ మధ్యాహ్నాలుండవు. చెప్పకపోతే, తెలిసి తెలిసి రోజూ తప్పు చెయ్యడమే. తెలియక ఆడినది వేరు. ప్రపంచం మొత్తం మీద ఆమెని నవ్వించే మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడితోనే ఆమె మాట్లాడకూడదు.

అంతలో బయట చెప్పుల చప్పుడైంది. తెర ఆపేసింది తోరికా.

వచ్చింది కెలేరా, ఇనోకే పెళ్ళాం. చేతిలో చేమాకులు కొబ్బరిపాలతో వండిన కూర గిన్నె. గిన్నె తెచ్చినా మొహంలో పెట్టుపోతల కళ లేదు.

"ఏమే, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? నీ మొహం రెండిటికీ మధ్యన ఎక్కడో ఉంది."

"కూర్చో వదినా."

"కూర్చోను. కూర్చుంటే కోపం చల్లారిపోద్ది." అలా అంటూనే కూర్చుంది. "మీ అన్నకి పిచ్చి పట్టిందే తోరికా."

"ఏం పిచ్చి?"

"ఫోను పిచ్చి. చెట్టు మీంచి పడి కాలు విరిగినప్పుడు, పోనీ పాపం, కాలక్షేపమని నేనే తెప్పించిచ్చాను. కాలు అతుక్కుంది. దాంతోపాటు ఫోనూ అతుక్కుంది."

"మగాళ్ళు అందరూ అంతేగా వదినా ఈ రోజుల్లో."

"అంతే అయితే ఎండలో ఇంత దూరం ఎందుకొస్తాను? నవ్వుతున్నాడే! పడవలో ఒక్కడే కూర్చుని నవ్వుతున్నాడు. నేను కాపరానికి వచ్చినప్పట్నుంచి ఆ మనిషి పళ్ళు పూర్తిగా చూసింది లేదు. ఇప్పుడు రేవులో కుక్కనడిగినా చెప్తుంది ఏ పన్ను పుచ్చిందో."

తోరికా గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది. "నవ్వితే మంచిదేగా."

"ఎవరితోనో తెలియాలిగా! నిన్న చేపలు కడగడానికి పోతూ ఫోను వదిలేసి వెళ్ళాడు. చూశాను. ఒకత్తుంది. నీలిచేపంట. ఏం రాసిందో చెప్పమంటావా? నీ నడ్డి ఇంకా వంగలేదా అంట! నువ్వు చస్తే నీ పెళ్ళాం నా వంటింటికంట! నేనే! నన్ను వంటింటికి రమ్మంటది ఆ ముండ!"

తోరికా దగ్గింది, నవ్వు దాచుకోడానికి. "సరదాకి అని ఉంటుంది."

"మొగుడున్న ఆడది సరదాకైనా అలా అంటదా?"

"లేడేమో."

"లేకపోతే మా ఆయన్ని లాక్కుంటదా?" కెలేరా కుర్చీ ముందుకి జరుపుకుంది. "నువ్వు ఈ గది చూసేదానివి. ఇందులో అన్నీ నీకు తెలుస్తాయి. అది ఏ ఊరిదో కనిపెట్టి చెప్పు చాలు. బస్సెక్కి పోయి జుట్టు పట్టుకుని నేనే ఈడుస్తాను."

"ఆ ఆటలో ఊరు అడగరు వదినా."

"అడగరా? ఊరు అడక్కుండా మనుషులెలా మాట్లాడుకుంటారే?"

"అందుకే మాట్లాడుకుంటారు."

కెలేరా ఆమె వంక అనుమానంగా చూసింది. సలసేని మాట గుర్తొచ్చిందో ఏమో, "నీకూ ఒకడున్నాడంటగా, గడ్డంవాడు," అంది. తోరికా ఆపేసిన తెర వైపు చూసింది. "సరేలే, నీ గడ్డం నీది. నా మొగుడు నాది. నేను తేల్చేసుకున్నాను. రేపు ప్రార్థన అయ్యాక పాస్టరుగారి ముందు నిలబెడతాను. ఆ ఫోను పగడపు దిబ్బ అవతల లోతులో పారేయిస్తాను. చేపతో నవ్వాలనుంటే అక్కడికే పోయి నవ్వమను."

తోరికా నోరు మూసుకున్నా సరే, రేపు మధ్యాహ్నానికి పీత ఉండడు. ఊరందరి ముందూ తల వంచుకుని నిలబడేది ఆ మనిషి. అది కూడా చెయ్యని తప్పుకి. అన్న పరువు చెల్లెలు కాపాడాలన్నదే కదా ఆ మాట్లాడకపోవడంలో ఉన్న మర్యాదంతా.

"వదినా, ఒక మాట," అని మొదలుపెట్టింది.

అప్పుడు మెట్ల దగ్గర దగ్గు వినపడింది.

కెలేరా గబుక్కున లేచింది. రివాజు ప్రకారం తోరికా వెనక తలుపులోంచి వెళ్ళిపోవాలి. ఆ తలుపు తెరిచే ఉంది, పెరట్లో ఎండ కనపడుతోంది. తోరికా లేవలేదు.

ఇనోకే లోపలికి రాలేదు. కింది మెట్టు మీదే, గదికి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళు. పడవ కట్టకుండానే వచ్చినట్టున్నాడు. ఈ గది పెట్టినప్పట్నుంచి అతను ఇటు వచ్చింది లేదు.

"కెలేరా, ఇక్కడున్నావా? మంచిదైంది. ఈ గది చూసే మనిషిని ఒక మాట అడుగు."

"అడుగుతాను. ముందు నేనడిగినదానికి చెప్పు." కెలేరా గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నీలిచేప ఎవతి?"

గది వైపున్న వీపు కొంచెం బిగిసింది. "నీకెలా తెలుసు?"

"పీత పెళ్ళాన్ని కదా."

మామూలుగా అయితే ఇనోకే అక్కణ్నుంచి నడిచి వెళ్ళిపోయేవాడు. ఇవాళ వెళ్ళలేదు.

"ఎవరో నాకూ తెలియదు," అన్నాడు. "కొత్తగా వచ్చిన మనిషి. అందరూ తోసుకుని పోతుంటే ఊరి బయట నిలబడి సెలవడిగింది. ఉన్న ఒక్క కర్రా నా కాళ్ళ దగ్గర పెట్టింది. కానుక అందుకున్నాక ఆ మనిషిని చూసుకోవాలి కదా. చూసుకుంటున్నాను."

"చూసుకుంటూ నవ్వుతున్నావు."

"నవ్వుతున్నాను. అది నిజం." గొంతు తగ్గించాడు. "ఇవాళ యుద్ధం మధ్యలో ఉన్నదున్నట్టు ఆగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. మొగుడు పోయిన మనిషి, ఇంట్లో ఒక్కతే ఉంటానని చెప్పింది ఒకసారి. ఏ ఊళ్ళో ఏ గదిలో పడిపోయి ఉందో. వెళ్ళి చూద్దామంటే ఊరు తెలియదు. అడక్కూడదని నేనే చెప్పాను. ఎక్కడైనా టవరు పోయి అలా ఆగిందా, మనిషికే ఏమైనా అయిందా, అది తెలిస్తే చాలు. అడుగు కెలేరా."

కెలేరా చేతులు నడుం మీంచి కిందికి దిగాయి. ఆమె చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవేవీ ఇప్పుడు పనికొచ్చేలా లేవు. మెల్లగా లోపలికి తిరిగింది.

"తోరికా, విన్నావుగా. మధ్యాహ్నం ఎక్కడైనా టవరు పోయిందా అని అడుగుతున్నాడు మీ అన్న."

అతను వదిన చేత అడిగించాడు. వదిన ద్వారా చెప్పాలి. పోయిందని చెప్తే సరి. కాస్త ఆలస్యంగానైనా సాయంత్రానికి పీత మళ్ళీ మంచు మీద కనపడతాడు. ఏడ్పించావు కదే అంటాడు. తను ఇంకేదో అంటుంది. ఆ మాట నోటి చివర దాకా వచ్చింది కూడా.

తోరికా కుర్చీలోంచి లేచింది. వదిన భుజం మీదుగా, తడి ఆరని ఆ కాళ్ళ వైపు చూసింది. ఊళ్ళో ఏ చెల్లెలూ ఏ అన్న వైపూ తిప్పని గొంతుతో, తిన్నగా, పైకే అంది.

"టవరుకేం కాలేదన్నా. పిలిచింది నువ్వని తెలిసి నా చేతులే ఆగిపోయాయి."

కెలేరా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. మెట్టు మీదున్న మనిషి వెనక్కి తిరక్కుండానే ఒకసారి దగ్గాడు.